సుంకమ్మ అడిగిన రంగు

అద్దకం పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎమ్మిగనూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. ఏ రంగుకు ఎంత సోడా పడుతుంది, ఎంతసేపు ముంచాలి అని అడుగుతారు. అవన్నీ రంగు డబ్బాల మీదే ఉంటాయి నాయనా అంటే ముఖాలు చిన్నబుచ్చుకుంటారు. మాస్టరు విద్య దాచుకుంటున్నాడని అనుకుంటారు. దాచుకునేంత విద్య నా దగ్గర లేదు. నూలు చిలపలు, అంటే చుట్టలుగా చుట్టిన నూలు, రంగు నీళ్ళలో ముంచి, పిండి, ఆరేయడమే నేను బతుకంతా చేసిన పని. ఆ నూలును నేతగాళ్ళు తీసుకుపోయి చీరలు నేసేవాళ్ళు. చీర బాగుంటే పేరు నేతగాడిది. కట్టుకున్నాక బాగుంటే పేరు కట్టుకున్నామెది. వెలిసిపోతే మాత్రం పేరు నాది.

నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇక్కడ రాయబోవడం లేదు. ఒక రంగు సంగతి రాస్తాను. అది మా ఆవిడ సుంకమ్మ అడిగిన రంగు. ఎవరెవరి పెళ్ళిళ్ళకో రంగులు వేసిన నేను, ఆ ఒక్క రంగు చీర ఆమె బతికుండగా ఆమెకు కట్టించలేకపోయాను. ఎందుకు కుదరలేదో ఆమె పోయాక తెలిసింది. ఆ తెలిసింది ఈ పనిలో మీకు పనికొస్తుంది. మిగతాది ముసలాడి బెంగ అనుకుని దాటేయండి.

ఉత్తరం కిటికీ

నేను పుట్టింది గోనెగండ్ల పక్కన పల్లెలో. వాన వస్తే పంట, లేకపోతే లేదు. సేద్యానికి నేను పనికిరానని మా నాయన తొందరగానే కనిపెట్టి, ఎమ్మిగనూరులో అద్దకం షెడ్డు నడిపే కరీం మేస్త్రీ దగ్గర వదిలేసి పోయాడు.

కరీం మేస్త్రీ పొట్టి మనిషి. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. నోట్లో ఆకూవక్కా, నోరు తెరిస్తే తిట్లు. నేను ఎవరెవరి కింద పని చేశానో వాళ్ళందరిలో ఆయనంత గొప్పవాడిని మళ్ళీ చూడలేదు. ఎందుకంటే ఆయనకు తన రంగు మీద కూడా నమ్మకం ఉండేది కాదు.

చేరిన కొత్తలో ఒక సాయంత్రం, మెరూన్ చిలప ఒకటి పిండి నమూనా పోగు పక్కన పెట్టి చూశాను. అచ్చం సరిపోయింది. ఎగిరి గంతేసినంత పని చేసి మేస్త్రీకి చూపించాను. ఆయన దాన్ని చూడనైనా చూడకుండా కర్ర మీద పడేశాడు.

"రేపు సూద్దాం."

"సరిపోయింది కదా మేస్త్రీ."

"సాయంత్రం ఎల్తురు అందర్తో మంచిగా మాట్లాడ్తాది బేటా. పొద్దునది నిజం సెప్తాది. పొద్దున రా."

మర్నాడు షెడ్డులో ఉత్తరం వైపు కిటికీ దగ్గర పెట్టి చూస్తే నా మెరూన్‌లో ఊదా కనిపించింది. దానికి తోడు, తడి దారం ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది, ఆరితే తేలిపోతుంది. ఆ రోజంతా మళ్ళీ ముంచాను. అప్పటి నుంచి పొద్దు వాలాక రంగు చూసి ఒప్పుకోవడం అన్నది నా దగ్గర లేదు. ఎవరు తొందరపెట్టినా, ఎంత పెద్ద షావుకారు గుమ్మంలో నిలబడినా, రేపు పొద్దున ఉత్తరం కిటికీ దగ్గర చూసి చెబుతానని అనేవాడిని. మీరూ అదే చేయండి. నన్ను కాపాడిన నియమం అది. ఒక్క చోట మాత్రం నన్ను ముంచింది కూడా అదే.

అడిగింది ఇంతే

సుంకమ్మది ఆలూరు దాటాక ఒక పల్లె. పత్తి, వేరుశనగ పండే మెట్ట. పెళ్ళికి ముందు చిన్నమ్మ కూతురు మాదమ్మతో కలిసి కూలికి పోయేది. పత్తి తీయడానికి, కాయ పీకడానికి, కలుపుకు. ఊళ్ళో పని లేని నెలల్లో సుగ్గికి, అంటే మా వైపు వాళ్ళు పని వెతుక్కుంటూ పోయే వలసకు, ఇద్దరూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్ళు. నేను ఆమెను ఎమ్మిగనూరు తీసుకొచ్చి, రెండు గదుల ఇంట్లో పెట్టి, పెద్ద సుఖపెట్టానని అనుకున్నాను.

మొదటి ఉగాదికి ఏ రంగు చీర కావాలో చెప్పమన్నాను. అద్దకం పని చేసేవాడు పెళ్ళాన్ని అలా అడగడంలో కొంచెం గొప్ప ఉంటుంది. ఏదడిగినా నా చేతిలో ఉందన్నట్టు.

ఆమె చాలాసేపు ఆలోచించింది. "పొద్దు మునిగేటప్పుడు వస్తాది సూడు, ఆ రంగు."

"ఎరుపా?"

"ఎరుపు కాదు."

"నారింజ?"

"కాదయ్యా. గులాబీ మాదిరి ఉంటాది గాని గులాబీ కాదు. లోపల బూడిద ఉంటాది. కూలి నుంచి ఇంటికొచ్చేటప్పుడు కనపడ్తాది. కొంచెం సేపే."

ఇంతే చెప్పింది. అంతకన్నా వివరంగా రంగు చెప్పిన గిరాకీని నేను తర్వాత కూడా చూడలేదు. అయినా నవ్వాను. గులాబీలో బూడిద వేస్తే మురికి గుడ్డ అవుతుందే అన్నాను. ఆ ఉగాదికి వంకాయ రంగు చీర తెచ్చి ఇచ్చాను. కట్టుకుంది, బాగుందంది. కానీ అడగడం మానలేదు. గొడవ పెట్టి కాదు. సాయంత్రాలు మిద్దె మీద బట్టలు తీస్తూ, "ఇయాల వచ్చిందిలే, ఈడ నుంచి సరిగా అగపడదు" అనేది. నేను పరుగెత్తుకుని పైకి పోయి పడమటి వైపు చూసేవాడిని. అక్కడ ఎర్రటి పొద్దు ఇళ్ళ వెనక్కు దిగుతూ ఉండేది. ఆ రంగులు నాకు కొత్తవి కావు. అన్నీ నా డబ్బాల్లో ఉన్నవే.

మధ్యమధ్యలో ప్రయత్నం చేశాను. అబద్ధం ఎందుకు, మనసు పెట్టే చేశాను. గులాబీలో చిటికెడు నీలం వేసి, పసుపు తగిలించి, రకరకాలుగా ముంచి ఇంటికి తెచ్చి చూపించేవాడిని. ఆమె దారాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చూసేది.

"దగ్గరికొచ్చినావు" అనేది. అద్దకంలో దగ్గరికి రావడం అంటే రాలేదనే అర్థం.

చక్రం మీద బొమ్మ పొద్దు

కరీం మేస్త్రీ పోయాక షెడ్డుకు నేనే మాస్టరునయ్యాను. తర్వాత షెడ్డు సొంతదారులు, నేతగాళ్ళ సొసైటీ వాళ్ళు, ఒక కొత్త మేనేజరును పెట్టారు. చదువుకున్నవాడు, మంచివాడు, తొందర ఎక్కువ. చీరల ఫోటోలు దూరం ఊళ్ళ కొట్లకు పంపడానికని ఆదోనిలో ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చాడు. అరచేతిలో పట్టేది, చొక్కా జేబులో దూరేది. ఆయనకు తీరిక లేక నా చేతికిచ్చాడు.

ఆ కెమెరా మీద నాకు పట్టిన పిచ్చి అంతా ఇంతా కాదు. పగలు చీరల ఫోటోలు తీసేవాడిని. సాయంత్రం సైకిలెక్కి ఊరి బయటకు పోయి పొద్దు ఫోటోలు తీసేవాడిని. సుంకమ్మ రంగును ఇక పట్టేశాను అనుకున్నాను. ఆకాశాన్ని జేబులో పెట్టుకుని షెడ్డుకు తెచ్చి, పొద్దున్నే కిటికీ దగ్గర తీరిగ్గా చూసుకోవచ్చు కదా. మేస్త్రీ మాటా దక్కుతుంది, సాయంత్రమూ దక్కుతుంది అనుకున్నాను.

కెమెరా పైన తిప్పే చక్రం మీద రకరకాల బొమ్మలు ఉండేవి. అందులో ఒకటి కొండ వెనక సగం దిగిన పొద్దు. అక్కడికి తిప్పి నొక్కితే సాయంత్రం మండిపోయేది. ఆ ఫోటోలు చూసి మేనేజరు ముచ్చటపడ్డాడు. ఈ రంగులోనే చీరలు వేద్దాం మాస్టరూ అన్నాడు. కెమెరా అద్దం మీద కనిపించిన రంగును చూస్తూ నేను నూలు ముంచాను. నేశారు, కొట్లకు పంపారు. అంతా వెనక్కి వచ్చింది. కళ్ళు మండుతున్నాయి, ఎవరూ ముట్టుకోవడం లేదన్నారు.

తర్వాత ఒకే చోట నిలబడి, బొమ్మ పొద్దు మీద పెట్టి ఒకటి, మామూలుగా పెట్టి ఒకటి తీసి చూశాను. అప్పుడు అర్థమైంది. ఆ చిన్న కెమెరాకు రెండు గుణాలు. బొమ్మ పెడితే లేని ఎరుపు పోస్తుంది. మామూలుగా వదిలేస్తే, ఇంత ఎరుపు ఎందుకులే అని ఉన్నదాన్ని కూడా కొంత తుడిచేసి తెల్లబరుస్తుంది. మీ చేతుల్లో ఇప్పుడున్న ఫోన్లు దానికంటే తెలివైనవి, అంటే ఇంకా తెలివిగా బొంకుతాయి. ఫోన్‌లో పంపిన రంగు చూసి నూలు ముంచకండి. గుడ్డ ముక్క తెప్పించుకోండి. ముక్క లేకపోతే మనిషిని కూర్చోబెట్టి అడగండి.

మేనేజరు కెమెరాను నా మొహాన కొట్టలేదు. "నువ్వే ఉంచుకో మాస్టరూ, ఇది మనకు అచ్చిరాలేదు" అని నాకే ఇచ్చేశాడు. అంత నష్టంలో అలా అన్నందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

నువ్వు దాన్ని తీసుకో

పిచ్చి మాత్రం వదల్లేదు. ఆదివారాలు సుంకమ్మను వెంటబెట్టుకుని పోయేవాడిని. ఆదోని కొండ ఎక్కాం, గుండ్ల మీద కూర్చుని కింద ఊరంతా పొగమంచులో కలిసిపోయేదాకా ఉన్నాం. గాజులదిన్నె డ్యాం కట్ట మీద నీళ్ళలో రెండో పొద్దును చూశాం. నేను ఫోటోలు తీస్తుంటే ఆమె బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పి పెట్టేది. అద్దం మీద చూపించి ఇదేనా అనేవాడిని.

"బాగుంది" అనేది. "ఇదేనా?" అంటే మాత్రం తల అడ్డంగా ఊపేది.

ఒకసారి వాళ్ళ ఊరికి పోయాం. పత్తి తీతలు జరిగే రోజులు, ఆకాశంలో మబ్బు తునక లేదు. సాయంత్రం ఇద్దరం చేల వైపు నడిచాం. నేను పొద్దుకు ఎదురుగా నిలబడి తీసుకుంటున్నాను. సుంకమ్మ చెయ్యి చాపింది.

"ఒకటి నేను తీస్తా. ఇట్లియ్యి."

ఆమె ఎప్పుడూ అలా అడగలేదు. సులువుగా ఉంటుందని చక్రాన్ని మామూలుకు తిప్పి, ఎక్కడ నొక్కాలో చూపించి ఇచ్చాను. ఆమె కెమెరా పట్టుకుని పొద్దుకు వీపు పెట్టి తిరిగింది. అటువైపు ఊరు తప్ప ఏమీ లేదు. నొక్కింది.

"పొద్దు అటుంటే ఇటు తీస్తివేమే" అన్నాను నవ్వుతూ.

"నువ్వు దాన్ని తీసుకో. నేను దీన్ని తీసుకున్నా" అంది.

నేను ఇంకా నవ్వాను. ఊరికి వచ్చాక మాదమ్మకు కూడా చెప్పి నవ్వించాను, మీ అక్క పొద్దు ఫోటో తియ్యమంటే ఊరి ఫోటో తీసిందని. సుంకమ్మ కూడా మాతో పాటు నవ్వింది.

నా రిటైర్మెంటుకు ముందు ఏడాది ఆమె పోయింది. గుండె జబ్బు. ఆదోని ఆసుపత్రిలో కొన్నాళ్ళుంది. మంచం పక్కన కిటికీ ఉండేది. నేను పొద్దుటి నుంచి అక్కడే కూర్చునేవాడిని. రంగు గురించి ఆమె మళ్ళీ మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. దగ్గరికి వచ్చానులే అని చెప్పడానికి కూడా నోరు రాలేదు.

తప్పు ఫోటో

పని మానుకున్నాక ఇంట్లో తోచలేదు. అద్దకం షెడ్డు కూడా మూతపడింది. నూలు రంగులతోనే బయటి ఊళ్ళ నుంచి వచ్చేస్తోంది. కెమెరాలోని ఫోటోలన్నీ చూసి, సుంకమ్మ ఉన్నవి కాగితాల మీద తీయించుకుందామని బజారులో స్టూడియోకు తీసుకుపోయాను. ఆమె ఉన్నవి చాలా తక్కువ. అన్నీ పొద్దులే. స్టూడియో అతను కంప్యూటర్లో ఒక్కొక్కటే జరుపుతూ ఒకచోట ఆగాడు.

"ఇది తప్పొచ్చింది సార్. ఏమీ లేదు ఇందులో. తీసేద్దునా?"

అది సుంకమ్మ తీసిన ఫోటో. కింద దున్నిన నేల మీద పొడుగాటి నీడలు రెండు, పక్కపక్కన. ఒక నీడ మోచేతులు ఎత్తి కెమెరా పట్టుకుని ఉంది. రెండోది నాది, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నవ్వుతున్న మనిషి నీడ. ఆ నీడల కోసమే తీసేయొద్దన్నాను. పెద్దది చేసి ఇవ్వమన్నాను.

మర్నాడు పొద్దున ఆ కాగితాన్ని పట్టుకుని ఇంట్లో ఉత్తరం కిటికీ దగ్గర కూర్చున్నాను. నీడలు చూసి చూసి, ఏడవాల్సింది ఏడిచి, అప్పుడు పైకి చూశాను. దూరంగా ఊరి ఇళ్ళు ఒక సన్నటి గీతలా ఉన్నాయి. వాటి మీద ఆకాశంలో కింద బూడిద నీలం పట్టీ, దాని పైన గులాబీ పట్టీ. రెండూ కలిసేచోట గులాబీ కాని గులాబీ. లోపల బూడిద.

పొద్దు మునిగేటప్పుడు దానికి ఎదురు దిక్కున వచ్చే రంగు అది. మబ్బు లేని రోజున తూర్పున కొంచెం సేపు ఉండి పోతుంది. సుంకమ్మ వాళ్ళ చేలు ఊరికి పడమర. ఆ సంగతి పెళ్ళైనప్పటి నుంచి నాకు తెలుసు. పడమటి చేలలో పని చేసేవాళ్ళు సాయంత్రం తూర్పుకు తిరిగి ఇంటికి నడుస్తారు. ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు. కూలి నుంచి ఇంటికొచ్చేటప్పుడు అని ఆమె మొదటి రోజే చెప్పింది. చివరికి ఫోటో తీసి చేతిలో పెట్టింది. నేను పొద్దును చూస్తూ కూర్చున్నాను.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఎవరైనా వచ్చి ఫలానా రంగు కావాలంటే, ముదురా లేతా అని అందరూ అడుగుతారు. మీరు ఎక్కడ చూశారు, ఎటు తిరిగి నిలబడి చూశారు, అప్పుడు ఏం చేస్తున్నారు అని అడగండి. నేను అడిగి ఉంటే సుంకమ్మ ఒక్క మాటలో చెప్పేది.

అంచు లేని చీర

పెరట్లో పొయ్యి వేసి, రంగు కాచే పాత డేగిసా తోమి, నూలు కొనుక్కొచ్చాను. చేతులు పని మర్చిపోలేదు. ఒక్క రంగులో అది కుదరదని ఫోటో చూసిన రోజే తెలిసింది. ఆకాశంలో అది ఒక రంగు కాదు, రెండు రంగుల మధ్య ఉన్నది. ఇన్నేళ్ళూ నేను దాన్ని ఒకే డేగిసాలో వెతికాను. పడుగుకు, అంటే నిలువు దారాలకు, బూడిద కలిసిన నీలం వేశాను. పేకకు, అడ్డం దారాలకు, లేత గులాబీ. కరీం మేస్త్రీ ఇలాంటి గుడ్డను ధూప్‌ఛావ్ అనేవాడు. ఎండా నీడా అని. కదిలితే ఒకటి పోయి ఒకటి కనిపిస్తుంది.

నేయడానికి ఈరన్న ఒప్పుకున్నాడు. నా షెడ్డు నూలే నేసి ముసలివాడైన మనిషి. అంచు వద్దు, పైటకొంగు కూడా వేరే రంగు వద్దు అన్నాను.

"అంచు లేని చీర ఎవురు కడ్తారన్నా?"

"కట్టేవాళ్ళు లేరులే. నువ్వు నెయ్యి."

అతను నా ముఖం చూసి నూలు అందుకున్నాడు. మగ్గం మీంచి కోసిన మర్నాడు పొద్దున్నే చీర తెచ్చి, ఉత్తరం కిటికీ దగ్గర నా ఒళ్ళో పరిచాడు. ఇద్దరం చూశాం. గులాబీ కనిపించడం లేదు, నీలమూ లేదు. తడిసి ఆరిన బూడిదలా ఉంది.

"ఏమనుకోవద్దన్నా. ఇది నీ పని మాదిరి లేదు" అన్నాడు ఈరన్న.

నేను కూడా అదే అనుకున్నాను. చీర మడిచి పెట్టెలో పడేసి, ఇక ఈ గొడవ చాలనుకున్నాను. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాను. అప్పుడు, ఇంత వయసొచ్చాక, మేస్త్రీ మాటను నాకు నేనే ఎదిరించాను. పొద్దున వెలుగు నిజం చెబుతుంది, నిజమే. కానీ ఈ రంగు పొద్దునది కాదు. దీన్ని పొద్దున అడగడమే తప్పు. ఇదివరకు నేను ముంచి, పొద్దున చూసి పారేసిన చిలపల్లో ఏవేవి పోయాయో దేవుడికి తెలియాలి.

ఇది ఔనో కాదో చెప్పగలిగిన మనిషి ఇక ఒక్కతే ఉంది. సుంకమ్మతో కలిసి ఆ దారిన నడిచిన మాదమ్మ. ఆమె కాదంటే ఇంకెవరినీ అడగడానికి లేదు. చీర సంచిలో పెట్టుకుని, కెమెరా జేబులో వేసుకుని, ఆదోని మీదుగా ఆలూరు పోయి, అక్కడ షేర్ ఆటో ఎక్కాను.

మాదమ్మ

మాదమ్మ ఇంట్లో లేదు, చేలో ఉంది. ఈ వయసులోనూ పత్తి తీయడానికి పోతోంది. నేను చేరేసరికి ఒడి విప్పి పత్తిని బోరెంలో, గోనెసంచిలో, కుక్కుతోంది. నన్ను చూసి కంగారు పడింది.

"ఏం బావా, యాలగాని యాల వచ్చినావు? అంతా బాగుండారా?"

"బాగుండారు. నిన్ను ఒకటి అడగల్లని వచ్చినా. పని కానీ."

తోటివాళ్ళు ముందు పోయారు. ఇద్దరం వెనక నిలబడ్డాం. పొద్దు మా వీపుల వెనక నేలను తాకింది. నేను అటు చూడలేదు. ఎదురుగా ఊరి మీద ముందు నీలం లేచింది, దాని పైన గులాబీ. సంచిలోంచి చీర తీసి విప్పాను.

చీర మీద పక్కవాటుగా వెలుగు పడింది. పొద్దున బూడిదగా ఉన్న గుడ్డలో గులాబీ మెల్లగా పైకి తేలింది. నేను గుడ్డను చూడడం మానేసి మాదమ్మ ముఖం చూశాను. ఆమె చీర వైపు చూసింది, ఊరి వైపు చూసింది. పత్తి పొట్టు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని చీర కొసను పట్టుకుంది.

"ఇది యాడ దొరికింది బావా?"

"చేసినాను."

"అక్క సెప్పిందా నీకు?"

"సెప్పింది. నాకే తెల్లేదు."

ఆమె చీర కొసను వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత చీరతోనే చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఈ రంగు పడితేనే మమ్మల్ని పని ఇడిపించేది. దీన్ని సూసుకుంటా ఇంటికి నడుస్తాంటిమి. సుగ్గికి పోయినప్పుడు ఆడగూడ పొద్దు మునిగేది బావా. పైన ఈ రంగు గూడ వచ్చేది. కింద మన ఊరు ఉండేది కాదు. అక్క దాన్ని సూసి ఏడుస్తాండె. నేను తిడ్తాంటి."

ఎమ్మిగనూరులో మా మిద్దె మీద కూడా ఆ రంగు రోజూ వచ్చే ఉంటుంది. ఈడ నుంచి సరిగా అగపడదు అని ఆమె అన్నది అందుకే. ఇళ్ళు అడ్డం అని నేను అనుకున్నాను. ఆమె నా దగ్గర చీర అడిగిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇల్లు తలచుకుంటోందని, ఆ బెంగను చుట్టుకోవడానికి ఒక గుడ్డ అడుగుతోందని తెలియలేదు. తెలిసి ఉంటే చీర మాట ఎలా ఉన్నా, నెలకోసారి ఆటో ఎక్కించి ఇక్కడికి తీసుకొచ్చి ఉండేవాడిని. ఆ పని నా చేతిలో ఉండేది.

"ఇది నువ్వు కట్టుకో మాదమ్మా" అన్నాను.

"నాకెందుకు బావా, అక్కది."

"అక్కదే. నువ్వు కట్టుకో."

ఆమె చీరను పాత చీర మీదనే చుట్టూ తిప్పుకుని, భుజాల మీదుగా కప్పుకుంది. "సరే పా, సీకటైతాది" అని ఊరి వైపు నడిచింది. నేను కెమెరా తీశాను. చక్రాన్ని మామూలుకే ఉంచాను. మోకాళ్ళు ఒప్పుకోకపోయినా నేల మీద కూర్చుని, అద్దం మీద ఆమె వెనక ఆకాశం వచ్చేదాకా కెమెరాను కిందికి దించి, ఒక్కసారి నొక్కాను. నా నీడ ఆమె దాకా పోయింది.

ఆ ఫోటో ఇప్పుడు మా ఇంట్లో ఉత్తరం కిటికీ పక్కన ఉంది. అందులో నెరిసిన తల ఒకటి కనిపిస్తుంది, కింద దుమ్ము కొట్టుకున్న మడమలు కనిపిస్తాయి. నడుమ అంతా సాయంత్రమే. చీర ఎక్కడ మొదలై ఆకాశం ఎక్కడ ఆగిందో తెలియదు. కొలతలు అడగడానికి వచ్చిన పిల్లలు దాని ముందు నిలబడి, ఇందులో మీరు వేసిన రంగు ఏది మాస్టరూ అంటారు.

సుంకమ్మ ఉంటే వేలు పెట్టి చూపించేది.